ఇందూరు సీమ గడులు: దోమకొండ కామినేనివారి కోట

గత సంచికలో ఆర్మూరు సిద్ధులగుట్టను గూర్చియు, ఆ నల్లని బండల నడుమ వెలసిన నవనాథ సిద్ధేశ్వరుని గూర్చియు ముచ్చటించుకొంటిమి. ఈ మాసము గుట్ట దిగి బాట పట్టుదము. ఆర్మూరు రెండు పెద్ద దారుల కూడలి. ఉత్తరమున నిర్మలు మీదుగా నాగపూరునకును, దక్షిణమున కామారెడ్డి మీదుగా హైదరాబాదునకును పోవునది ఒకటి; నిజామాబాదు నుండి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాలల వైపు సాగునది మరియొకటి. మృగశిర వానలకు నాటిన పసుపు ఇంచుమించు తొమ్మిది మాసములు భూగర్భమున పెరిగి, మాఘ ఫాల్గుణములలో త్రవ్వబడి, ఉడికి, ఎండి, కొమ్ములు వేరు మండలు వేరుగా సంచులకెక్కి, నిజామాబాదు గంజికిని, అక్కడ ధర పొసగనినాడు మహారాష్ట్రమందలి సాంగ్లీకిని ఈ కూడలి మీదుగనే తరలుచుండును. ఆ దినములలో ఆర్మూరు గాలియే పసుపు వాసన వేయును.

పసుపు కంటె ముందు ఈ దారి ఇనుమునకు ప్రసిద్ధము. ఫ్రెంచి యాత్రికుడు థెవెనో 1666–67లో ఈ సీమను దాటి పోవుచు, ఇందల్వాయిలో కత్తులు, బాకులు, బల్లెములు విస్తారముగా తయారై దేశమంతటికిని ఎగుమతి యగుచున్నవని వ్రాసికొనెను. ఆర్మూరు ప్రాంతపు కోనసముద్రములో మూసలయందు కరగించి చేసిన ఉక్కు కొరకు పారశీక వర్తకులు ఇంతదూరము వచ్చెడివారు. డమాస్కసు కత్తియని లోకము కొనియాడిన దానికి కావలసిన ముడి ఉక్కు తెలంగాణపు కమ్మరి కొలిమిలో పుట్టినది. సైన్యములు, సార్థవాహులు, యాత్రికులు నిరంతరము నడచిన ఇట్టి బాట ప్రక్కన రాజ్యము చేయ దలచిన వంశమునకు కోటయు కావలెను, కోటతోపాటు నేర్పును కావలెను. అట్టి వంశమొకటి ఈ సీమను శతాబ్దుల తరబడి ఏలినది. దాని గుర్తులు ఈ దారిలో ఊరూరను కానవచ్చును.

ఆర్మూరు నుండి దక్షిణముగా బయలుదేరిన బాటసారి డిచ్‌పల్లి, ఇందల్వాయి దాటి, అడవి పలుచబడిన పిదప సదాశివనగరమును చూచును, ఒక ప్రక్కగా రామారెడ్డి యను గ్రామము కలదు, ఆపై కామారెడ్డి. పడమటగా పోయిన ఎల్లారెడ్డి, తూర్పుగా పోయిన మాచారెడ్డి. ఇవి అన్నియు ఊళ్ల పేళ్లే, అన్నియు మనుష్యుల పేళ్లే. కామినేని వంశమున ఆయా కాలములందు పాలించినవారి పేరిట ఈ ఊళ్లు వెలసెనని ఈ సీమవారు తరతరాలుగా చెప్పుకొనుచున్నారు. ఒక వంశము తన వంశవృక్షమును తాళపత్రముల మీద వ్రాయించుట కలదు, రాతిమీద చెక్కించుట కలదు. భూమి మీదనే ఊళ్లుగా నాటి పోవుట మాత్రము అరుదు. నేడు కామారెడ్డి రైల్వే స్టేషనులో టిక్కెట్టు కొనువాడు ఒక పాత రెడ్డిరాజు పేరును ఎరుగకయే ఉచ్చరించుచున్నాడు. 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లాను విభజించి నూతన జిల్లాను ఏర్పరచినప్పుడు ఆ పేరే జిల్లా పేరైనది. దోమకొండ ఆనాటి నుండి కామారెడ్డి జిల్లాలోనిది. అంతకు పూర్వము ఆర్మూరువలెనే నిజామాబాదు, అనగా ఇందూరు, జిల్లాలోని పల్లెపట్టణము.

కామినేనివారు పాకనాటి రెడ్లు. తూర్పు తీరమందలి పాకనాడు వీరి పూర్వుల స్థానము. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప తెలుగు దేశమున రాజకీయము చెల్లాచెదరై, వెలమ, రెడ్డి నాయకులు తమతమ పరివారములతో క్రొత్త నెలవులు వెదకికొనిన కాలమున, ఉత్తర తెలంగాణమున కుదురుకొనిన కుటుంబములలో ఇదియు నొకటి. వీరి తొలి స్థానము బిక్కనవోలు, అనగా నేటి భిక్కనూరు. అచ్చటి సిద్ధరామేశ్వరుడు వీరి ఇలవేలుపు. నాగపూరు బాటపై పోవువారికి భిక్కనూరు నేటికిని ఒక మజిలీ; సిద్ధరామేశ్వరాలయమున నేటికిని పూజలు జరుగుచున్నవి. బిక్కనవోలు నుండి కామారెడ్డికిని, తుదకు దోమకొండకును వీరి రాజధాని మారినది. అందుచేతనే సాహిత్య చరిత్రకారులు దీనిని బిక్కనవోలు సంస్థానమనియు, దోమకొండ సంస్థానమనియు రెండు విధముల పేర్కొందురు.

ఈ వంశమును గూర్చి వ్రాయుటకు పూనుకొన్నవాడు కోటగోడల కంటె ముందు కావ్యముల దగ్గర ఆగవలెనని నా దృఢాభిప్రాయము. ఏలయన, గోడలు పదునెనిమిదవ శతాబ్దివి. కావ్యములు పదునారవ శతాబ్దివి. ఇంటికంటె ముందే ఇంటివారి పలుకు మనకు దక్కినది.

ఆ పలుకు కామినేని మల్లారెడ్డిది. గోలకొండను ఇబ్రహీం కుతుబ్‌షా పాలించిన కాలము (1550–1580) తెలంగాణ సాహిత్యమున ఒక విశిష్ట ఘట్టము. సింహాసనమునకు రాకమున్ను ఏడేండ్లు విజయనగరమున అళియ రామరాయల ఆశ్రయమున గడపి తెలుగు మాధుర్యమును చవిచూచిన ఇబ్రహీమును తెలుగు కవులు మల్కిభరామని పిలుచుకొనిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. పటాన్‌చెరువు ప్రాంతమున ఉండిన అమీన్‌ఖానునకు పొన్నికంటి తెలగనార్యుడు యయాతి చరిత్రమను తొలి అచ్చతెలుగు కావ్యమును కృతి యిచ్చెను. కందుకూరి రుద్రకవి నిరంకుశోపాఖ్యానము ఈ కాలముదే. పారశీకము రాజభాషయై, కచేరీలలో మున్షీల కలములు కుడినుండి ఎడమకు నడచుచున్న ఆ రోజులలో, తెలుగు పద్యము గోలకొండ కొలువులోను, గోలకొండకు కప్పము కట్టెడి రెడ్డి దొరల కొలువులలోను సమానముగా ఆదరింపబడినది.

అట్టి కాలమున బిక్కనవోలున కవులను పోషించుటతో తృప్తిపడక తానే ఘంటము పట్టిన రాజవంశీయుడు మల్లారెడ్డి. షట్చక్రవర్తి చరిత్రము, శివధర్మోత్తరము, పద్మపురాణము ఆయన రచనలు. కృతిభర్తగా నిలిచి కవి చేత తన వంశమును వర్ణింపజేసికొనుట ఆనాటి ప్రభువులకు సులభమైన కీర్తిమార్గము, ధనమున్న చాలును. కృతికర్త యగుటకు ఏండ్ల తరబడి వ్యాకరణముతోను, ఛందస్సుతోను, పురాణములతోను సహవాసము కావలెను. సరిహద్దు తగవులు, శిస్తు లెక్కలు, గోలకొండ నుండి వచ్చెడి తాకీదులు తలమీద నుండగా ఒక పాలక కుటుంబపు మనుజుడు మూడు ప్రబంధముల శ్రమకు ఓర్చుకొనెనన్నచో ఆ ఇంటిలో చదువునకు ఎట్టి పీట యుండెనో ఊహింపవచ్చును.

షట్చక్రవర్తులనగా హరిశ్చంద్రుడు, నలుడు, పురుకుత్సుడు, పురూరవుడు, సగరుడు, కార్తవీర్యుడు. ఈ ఆరుగురి కథలను ఏరికొనుటలోనే కవి మనస్సు కొంత తెలియును. వీరిలో సత్యము కొరకు రాజ్యమును విడిచి కాటికాపరియైనవాడు ఒకడు. జూదమున సర్వము పోగొట్టుకొని అడవుల పాలైనవాడు ఒకడు. అరువదివేల కుమారులు భస్మమగుటను విన్నవాడు ఒకడు. వేయి చేతుల బలముండియు ఒక్క ముని కోపమునకు ఆహుతియైనవాడు ఒకడు. చక్రవర్తులని పేరే గాని వీరి కథలలో ఐశ్వర్యము కంటె ఐశ్వర్య నాశమే అధికము. తానొక చిన్న రాజ్యమునకు సంబంధించినవాడై, తళ్లికోట యుద్ధమున 1565లో విజయనగరమంతటి మహాసామ్రాజ్యము కూలుటను విన్న తరమువాడై, మల్లారెడ్డి ఈ ఇతివృత్తమును చేపట్టుట కాకతాళీయమని నేను తలపజాలను.

ఇక శివధర్మోత్తరము. దీని సంస్కృత మూలము శైవులకు ప్రాచీనమైన ధర్మగ్రంథము. దానములలో విద్యాదానమును ఆ గ్రంథము మిక్కిలి గొప్ప చేయును. ఒక పుస్తకమునకు ప్రతి వ్రాయించి, దానిని పూజించి, ఊరేగించి, చదువుకొనువారికి సమర్పించు విధిని విపులముగా చెప్పును. రోగులకు ఆరోగ్యశాలను కట్టించుటను మహాపుణ్యముగా లెక్కించును. ఇట్టి గ్రంథమును తెలుగు చేయుటకు ఎంచుకొన్న కవి శివభక్తుడగుటలో వింత లేదు. శివభక్తిలో పుస్తకమునకును, ఆరోగ్యశాలకును పీట వేసిన శాస్త్రమును ఏరికోరి తన సీమ భాషలోనికి తెచ్చుటయే చెప్పుకోదగిన విషయము.

తెలంగాణమున కవులే లేరను మాట పత్రికకెక్కగా, సురవరం ప్రతాపరెడ్డిగారు ఆ మాటకు జవాబుగా 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను 1934లో ప్రకటించిన సంగతి పాఠకులెరుగుదురు. ఆ సంచిక ఒక ఉద్యమమునకు ఆయుధమైనది. ఆ ఆయుధమునకు కావలసిన ఉక్కు మల్లారెడ్డి వంటివారి కాలమునుండియు ఈ గడ్డమీదనే ఉన్నది. తూమాటి దోణప్పగారు ఆంధ్ర సంస్థానముల సాహిత్య పోషణమును గూర్చి చేసిన బృహత్పరిశోధన తరువాత ఈ విషయమున సందేహమునకు తావు లేదు. అయినను కామారెడ్డి బళ్లలో చదువుకొను పిల్లలకు మల్లారెడ్డి పేరు నేటికిని తెలియకపోవుట నాకు బాధాకరము.

కుతుబ్‌షాహీలు 1687లో పోయిరి. మొగలు సుబేదారులు కొంతకాలము, పిదప 1724 నుండి ఆసఫ్‌జాహీలు వచ్చిరి. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, పాల్వంచ, పాపన్నపేట, సిర్నాపల్లి మొదలగు సంస్థానములతోపాటు దోమకొండయు నిజాము ప్రభువునకు పేష్కషు అను కప్పము చెల్లించుచు తన ప్రాంతమును తాను ఏలుకొనుచుండెను. ఇప్పుడు మనము చూచుచున్న గడి ఈ పదునెనిమిదవ శతాబ్దికి చెందినది. అంతకు పూర్వమున్న పాతకోట చోటనే కట్టబడినది. తెలంగాణమున దొర నివాసమునకు గడి యని పేరు. కొన్ని గడులు పెద్ద ఇండ్లే. దోమకొండ గడి నిజముగా కోట. సుమారు 40 ఎకరముల విస్తీర్ణము, చుట్టును రాతిగోడ, బురుజులు, గోడ వెలుపల కందకము.

లోపలికి పోయినవారిని మొదట ఆకర్షించునది మహాదేవాలయము. కాకతీయ శైలిలోని ఆ దేవాలయపు నల్లరాతి స్తంభములు, నున్నగా తీర్చిన మండపము, మీగడవలె మెరయు ఆ రాతి పనితనము, గడి కట్టడముల కంటె వేరైన కాలమును, వేరైన చేతిని తెలుపును. రాజభవనము వేరొక లోకము. అద్దాలమేడ యని జనులు పిలుచు ఆ భవనమున కమానులు, గచ్చుతో తీర్చిన లతలు, విశాలమైన లోగిలి, వరుస తీరిన స్తంభములు, రంగుటద్దములు కానవచ్చును. కాకతీయ శిల్పి రాతిని చెక్కి చెప్పినదానిని కుతుబ్‌షాహీ, ఆసఫ్‌జాహీ సంప్రదాయముల నెరిగిన పనివాడు సున్నముతో మలచి చెప్పినాడు. ఒకే ప్రాకారములో ఈ రెండును ఇరుగుపొరుగున నిలిచియుండుట ఈ సీమ చరిత్రకు తగినట్లున్నది.

ఆ సున్నమును గూర్చి నాలుగు మాటలు చెప్పక ముందుకు సాగుట న్యాయము గాదు. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీటిలో విరియించి, వారముల తరబడి తొట్టెలో నానబెట్టుదురు. నానిన సున్నమును ఇసుకతో కలిపి గానుగలో పోసి, ఎద్దును కట్టి త్రిప్పుచు డంగుదురు. అందుకే దీనికి డంగు సున్నమని పేరు. కరక్కాయలు నానిన నీరును, బెల్లపు నీరును అందులో కలుపుదురు. వ్రేళ్ల మధ్య రాచిన వెన్నవలె జారువరకు గానుగ ఆగదు. గోడకు దీనిని ఒక్కమారుగా పూయరు. పొరమీద పొరగా, ముందటి పొర ఆరీ ఆరనప్పుడు తరువాతి పొర వేసి, తుదిపొరను నున్నని గులకరాతితో గంటల తరబడి రుద్దుదురు. ఆ రుద్దుటలోనే గోడకు అద్దమువంటి మెరుపు వచ్చును. ఇట్లు చేసిన గోడ ఊపిరి తీసికొనును: వానకాలమున పీల్చిన చెమ్మను ఎండకాలమున విడిచిపెట్టును. ఇట్టి గోడకు సిమెంటు పూసినచో చెమ్మ బయటికి దారి లేక లోపలనే నిలిచి, ఉప్పులు పొంగి, కొన్నేండ్లలో పూతతోపాటు పాతగోడ ముఖమును ఊడదీసికొని పోవును. మన దేవాలయములను, మసీదులను, మిద్దెలను మంచి మనసుతో బాగుచేయబోయి పాడుచేసినవారిలో అధికులు ఈ రహస్యము నెరుగనివారే.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున, 1853లో దివానైన మొదటి సాలార్‌జంగు తెలంగాణపు శిస్తు పద్ధతిని సమూలముగా మార్చెను. అంతవరకు ధాన్యరూపమున, గుత్తేదారుల ద్వారా వసూలైన శిస్తు క్రమముగా నగదు రూపమునకు మారినది. 1865లో జిలాబందీ జరిగి జిల్లాలు, తాలూకాలు ఏర్పడినవి. ఆర్మూరు తాలూకా కేంద్రమైనది. సర్కారు అధికారి నివసించు ఊరునకును, సంస్థానాధీశుడు నివసించు ఊరునకును గల భేదము అప్పటినుండి స్పష్టపడినది. ఆర్మూరు రైతు తహసీలు కచేరీకి పోయెను. దోమకొండ రైతు గడికి పోయెను.

ఆ కాలపు దోమకొండ దివాణమున చదువు భాష మారినది గాని చదువు మానలేదు. రాజా రాజేశ్వరరావుగారు అస్గర్ అను కవినామముతో ఉర్దూలో గ్రంథములు వ్రాసి, హిందీ ఉర్దూ నిఘంటువును కూర్చిరి. మల్లారెడ్డి సంస్కృత పురాణమును తెలుగు పద్యముగా మార్చిన వంశమున, మూడు శతాబ్దుల పిదప, మరియొక దొర రెండు భాషల మాటలను ప్రక్కప్రక్కన పేర్చి అర్థము చెప్పుటకు కూర్చుండెను. నిఘంటువు వ్రాయుట రాజులకు అలవాటైన పని గాదు. అందులో కీర్తి స్వల్పము, శ్రమ అపారము; అకారాది క్రమమున ఒక్కొక్క పదమును ఆరసి, దాని మూలమును, వ్యవహారమును తేల్చి, కాగితమునకెక్కించు ఓపిక కావలెను. ఆ ఓపిక ఈ ఇంటికి పూర్వికుల ఆస్తిగా వచ్చినది.

ఇంతవరకు చెప్పినదంతయు గడి మేడమీది చరిత్ర. గడి అను మాట తెలంగాణపు పల్లెజనుల హృదయమున మేలిమి గచ్చునో, కావ్యమునో జ్ఞప్తికి తెచ్చునది గాదు. అది వెట్టిని జ్ఞప్తికి తెచ్చును. ఈ దేశపు గడుల యెదుట చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, గొల్ల తమ తమ పనులను కూలి లేకయే చేసిరి. దొర సవారి వచ్చినప్పుడు దారి ప్రక్కకు తొలగి తలపాగ తీసి నిలిచిరి. నీ బాంచన్ దొరా, కాల్మొక్త అను మాట ఈ వాకిళ్లలోనే పుట్టి పెరిగినది. పెద్ద దర్వాజ మూసియుండగా దిడ్డి తలుపున తల వంచి లోనికి పోవలసిన నిర్మాణమే మనిషికి తన స్థానమును చెప్పెడిది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమ నైజాము ఆంధ్ర మహాసభ సమావేశమైనప్పటి నుండి వెట్టిచాకిరి రద్దు ఆ సభల ప్రధాన కోరికలలో ఒకటిగా నిలిచినది. 1937లో మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన ఆరవ మహాసభ జరిగినది మన నిజామాబాదులోనే. ఒక గడిని గూర్చి వ్రాయువాడు దానిలోని గ్రంథాలయమును వర్ణించి దాని వాకిటి వెట్టిని విడుచుట పాపము. కోట కందకమును త్రవ్వినవారు, రాతిని మోసినవారు, సున్నమును డంగినవారు ఊరివారే. వారి పేళ్లు ఏ శాసనమందును లేవు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాము పాలన ముగిసినది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనము అమలునకు వచ్చి, శతాబ్దుల పేష్కషులు, సనదులు, మరాతబులు ఒక్క కలపుపోటున పాతకాగితములైనవి. ఉత్తర తెలంగాణమున అనేక గడులు అటుపిమ్మట పాడుబడినవి. కొన్ని పాఠశాలలైనవి, కొన్ని ఠాణాలైనవి. కొన్నింటి దూలములను ఊడదీసి అమ్ముకొనిరి. కొన్నింటిలో నిధుల కొరకు త్రవ్విన గోతులు మాత్రము మిగిలినవి. దొరలు హైదరాబాదునకు తరలిరి. ఏ గడి వాకిట తల వంచిన జనుల మనుమలు ఆ గడి రాళ్లను పశువుల కొట్టములకు వాడుకొనినచో వారిని తప్పు పట్టుటకు నాకు నోరు రాదు.

ఆ మనుమలను గూర్చియు ఒక్క మాట. 2019 ఏప్రిల్‌లో జరిగిన లోకసభ ఎన్నికలలో నిజామాబాదు నియోజకవర్గమున 185 మంది అభ్యర్థులు నిలిచిరి. వారిలో 178 మంది రైతులు. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతముల పసుపు, ఎర్రజొన్న రైతులు తమ పంటకు గిట్టుబాటు ధరను, పసుపు బోర్డును కోరుచు ఎవరికివారు నామపత్రములు దాఖలు చేసి, దేశమంతయు తమవైపు తిరిగి చూచునట్లు చేసిరి. కాల్మొక్త అను మాట రోజూ వినబడిన సీమలో ఇది జరిగినది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. బోర్డు వలన ధర ఏమగునో రాబోవు పంటలు చెప్పవలెను. అడిగి తెచ్చుకొనుట మాత్రము ఈ సీమ రైతుల చరిత్రలో నిలిచిపోవును. గడుల చరిత్ర వ్రాయునప్పుడు దానిని గూడ ఆ చరిత్రలో భాగముగనే నేను లెక్కించుచున్నాను.

దోమకొండ గడి మాత్రము ఇతర గడులవలె నాశనము కాక తప్పించుకొన్నది. స్వతంత్ర భారతమున ఈ వంశీయులు రాజ్యమును విడిచి ఉద్యోగములకు మరలిరి. కామినేని ఉమాపతిరావుగారు (1928–2020) ఐ.ఏ.ఎస్. అధికారియై, తిరుమల తిరుపతి దేవస్థానములకు కార్యనిర్వహణాధికారిగా పనిచేసిరి. ఉర్దూలో మిక్కిలి ప్రవీణులని ఆయనకు పేరు; అస్గర్ గారి ఇంటివారికి అది సహజమే. సంస్థానాధిపతుల సంతానము సర్కారు కొలువున సేవకుడగుట ఆ తరమున పలుచోట్ల జరిగినదే గాని, పూర్వికుల కోటను కాపాడి ఊరితో కలిపి నిలుపవలెనను పట్టుదల పలుచోట్ల కానరాదు.

దోమకొండ కోటను, గ్రామమును ఉద్దేశించి ఒక ధర్మనిధి ఏర్పడి, సంరక్షణ వాస్తుశిల్పి అనురాధా నాయక్ గారి పర్యవేక్షణమున పునరుద్ధరణ సాగినది. పైన వర్ణించిన సున్నపు విద్య ఇక్కడ మరల అక్కరకు వచ్చినది. సిమెంటును దూరముగా నుంచి, పాతగోడలకు పాతసున్నమునే వాడి, స్థానికులైన పనివారికి ఆ పనిని మప్పి, ఊరి చేతులతోనే ఊరి కోటను నిలిపిరి. వందల ఏండ్ల క్రిందట ఏ చేతులు కూలి లేకయే ఈ గోడలను లేపినవో, ఆ చేతుల వారసులే ఈమారు కూలి పుచ్చుకొని, నేర్పు గడించి, వానిని బాగుచేసిరి. ఈ సంగతి నాకు గోడల అందము కంటె అధికమైన సంతోషమును కలిగించినది.

2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ సంరక్షణ పురస్కారములలో దోమకొండ కోటకు ప్రతిభా పురస్కారము లభించినది. అదే సంవత్సరము గోలకొండ కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణమందలి మెట్ల బావులకును అదే సంస్థ గౌరవము దక్కినది. మల్కిభరాము వంశపు బావులును, మల్లారెడ్డి వంశపు కోటయు నాలుగు శతాబ్దులకు పైబడిన పిదప ఒకే జాబితాలో చోటు చేసికొన్నవి. ఒక కుటుంబపు సొంత నివాసము ఊరివారికెల్ల అందుబాటైన సాంస్కృతిక స్థానముగా మారుట ఈ గౌరవమునకు ముఖ్య కారణములలో ఒకటి. ఇప్పుడు మహాదేవాలయమునకు శివరాత్రినాడు వచ్చువారు, అద్దాలమేడను చూడవచ్చు బడిపిల్లలు, అనుమతి కొరకు దిడ్డి తలుపు దగ్గర తల వంచుకొని నిలువనక్కరలేదు.

అయినను ఒక పని మిగిలియున్నది. గోడలకు సున్నము దొరికినది. మల్లారెడ్డి కావ్యములకు పాఠకులు దొరకవలెను. కోటలోని ఏ గదినైనను ఒకదానిని ఆయన మూడు గ్రంథములకును, అస్గర్ గారి నిఘంటువునకును కేటాయించి, చూడవచ్చిన పిల్లవాడు షట్చక్రవర్తులలో ఒక్కని కథనైనను విని పోవునట్లు చేసిన, గడి గదులన్నింటిలో అదియే పెద్దగది యగును. ఆ కోటను నిలిపినవారికి ఇది భారము గాదు. కామారెడ్డి, నిజామాబాదు కళాశాలల తెలుగు శాఖలవారును ఇందుకు చేయి కలుపవలెనని ఈ పత్రికాముఖమున ప్రార్థించుచున్నాను.

వచ్చే సంచికలో మరల ఉత్తరమునకు మరలి, ఇందల్వాయి అడవుల అంచున సిర్నాపల్లి గడిని చూతము. అది ఒక స్త్రీ ఏలిన సంస్థానము. రాణి శీలం జానకీబాయి కట్టించిన చెరువులను, నిలిపిన ఊళ్లను, ఆమె పేరిట వెలసినదని చెప్పెడి జానకంపేటను, ఆ ఊరు సికింద్రాబాదు మన్మాడు రైలు దారిలో బోధనునకు చీలు కూడలియైన విధమును అందు వివరింతును.